మిగిలింది ఎల్లుండి

రూప్లా అన్నకు ఉన్నది ఒకటే జబ్బు. ఏ కథా పూర్తిగా చెప్పడు.

మా ఊరి నుంచి భద్రాచలం వెళ్లే షేర్ ఆటో ఆయనది. ఏడుగురు పట్టే చోట పదకొండు మందిని కుక్కి, రెండో గేరు వేసేలోపే బైబిల్లోకి వెళ్లిపోతాడు. ముప్పై దాటాక ఏసయ్యను నమ్ముకున్నాడు. చర్చిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాడు. నేర్చుకున్నది కడుపులో దాచుకోలేడు. దావీదు రాయి విసురుతాడు. రాయి గాలిలో ఉండగా బస్టాండు వస్తుంది.

"తగిలిందా, లేదా?" రోజూ మాతో ఎక్కే జంపక్క సీటు వదలకుండా అడుగుతుంది.

"మిగిలింది ఎల్లుండి, అక్కా."

"రేపేమైంది?"

"రేపు పాటలు."

ఆయన పాటల కంటే ఆటో సైలెన్సర్ నయం. నోవహు ఓడ మా ఆటోలో నెల రోజులు తేలింది. గోదావరి వరద కూడా అన్నాళ్లుండదు.

నాకు ఒళ్లు మండేది. డిగ్రీ చదివి జిరాక్సు మిషను ముందు నిలబడేవాడికి ఒళ్లు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదు.

"అన్నా, గిరాకి కోసమే గదా ఈ సస్పెన్సు?" అన్నానొకసారి.

"అవ్ తమ్మీ. ఒక్క గిరాకి గూడ పోవద్దు," అని నవ్వాడు.

దానియేలును సింహాల గుహలో దించి రాయి మూసిన రోజు నా ఓపిక చచ్చింది. షాపులో ఫోను తెరిచి చివరిదాకా చదివాను. సాయంత్రం తిరుగు ఆటోలో నా పక్కన జంపయ్య తాత కూర్చున్నాడు. ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకుని వస్తున్నాడు, చేతికి పట్టీ ఉంది.

"తాతా, సింహాలు దానియేలును ముట్టనే లేదు. తెల్లారి మంచిగ బయటికొచ్చిండు," అన్నాను, అందరికీ వినబడేలా.

"గంతేనా? అయితే కథ ఒడిసిపోయింది," అన్నాడు తాత.

రూప్లా అన్న అద్దంలోంచి తాతను చూశాడు.

ఎల్లుండి వచ్చింది. తాత రాలేదు. రూప్లా అన్న నిండు ఆటోను తాత ఇంటి ముందు ఆపి నన్ను దింపాడు.

"వారానికి మూడు పొద్దులు సూదులు. పోయినేడే విసుగొచ్చి ఇగ రానన్నడు. మానేస్తే పానం పోతది. ఎంత బతిమిలాడినా వినలే. దావీదు రాయి ఎటు పడ్డదో తెలుసుకుంటందుకు వచ్చిండు. అప్పటిసంది దవాఖానా ఉన్న పొద్దే కథ చెప్తున్న. ఒక్కటి గూడ ఒడగొట్టలే."

రూప్లా అన్న తాత తలుపు వైపు చేయి చూపించాడు.

"మనిషి కథ ఎక్కడ ఒడవాల్నో ఏసయ్య జూసుకుంటడు. మనం ఆటో జూసుకోవాలె. నువ్వు ఒడగొట్టినవ్, నువ్వే షురూ చెయ్."

లోపలికి వెళ్తే తాత గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"పో పిలగా. నాకు సూదులొద్దు."

దానియేలు తర్వాత నేను చదివింది ఇంకొక్క కథే.

"తాతా, యోనా అని ఒకాయన. దేవుడు ఒక ఊరికి పొమ్మంటే పోనని పడవెక్కి పారిపోయిండు. తుఫానొచ్చింది. పడవోళ్లు ఎత్తి సముద్రంల ఏసిండ్రు. కింద ఇంత పెద్ద చేప నోరు తెరిచి..."

తాత ఇటు తిరిగాడు. "మింగిందా?"

"ఆటోల చెప్త."

తాత చెప్పులు వెతుక్కున్నాడు.

బస్టాండు వచ్చేసరికి యోనా చేప కడుపులో కూర్చుని దేవుణ్ణి పిలుస్తున్నాడు. మిగతా పదిమందీ నా మొహం వైపే చూస్తున్నారు. రూప్లా అన్న మాత్రం అద్దం తుడుస్తున్నాడు.

"బయటికొచ్చిండా?" అన్నాడు తాత.

"మిగిలింది ఎల్లుండి," అన్నాను.

"ఓరి నీ," అంది జంపక్క, "ఈ జబ్బు నీక్కూడ అంటిందా?"