మా ప్లాంటు ఓనరు పేరు ఎవరికీ తెలీదు

ఈ రోజు సాయంత్రం వల్లూరులో టీ అంగడి దగ్గర పెద్ద వాదన జరిగింది. సోలార్ ప్లాంటులో సెక్యూరిటీ పని చేసే అంజినప్ప, అక్కడే ప్యానెళ్లు కడిగే నాగరాజు, ఇద్దరూ ఇంగ్లండులోని ఒకే ఫుట్‌బాల్ క్లబ్బుకు వీరాభిమానులు. గొడవంతా ఆ క్లబ్బు ఓనరు గురించి.

“ఆయప్ప వచ్చినాకే కదప్పా కప్పులు వచ్చినాయి? పేపరోళ్లకు ఆయప్పను తిట్టకుంటే పొద్దుపోదు,” అన్నాడు అంజినప్ప.

“మంచి ఆటగాళ్లనంతా అమ్మేసినాడు. పేపరోళ్లు రాసింది నిజమే,” అంటూ నాగరాజు ఫోన్ చూపించాడు.

ఆ ఓనరు ఏ ఏడు ఎవరిని కొన్నాడో, ఎవరిని అమ్మాడో ఇద్దరికీ నోటికొచ్చు. వినీ వినీ నాకు మండింది. లీజుకిచ్చిన మా వేరుశనగ చేను కూడా వీళ్లు పని చేసే ఆ సోలార్ ప్లాంటులోనే ఉంది.

“అది సరే, మీరు పని చేసే ప్లాంటు ఓనరు ఎవరప్పా?” అన్నాను.

అంజినప్ప తన యూనిఫాం జేబు మీది పేరు చదవబోయి ఆగిపోయాడు.

“ఇది సెక్యూరిటీ ఏజెన్సీ పేరు కదా. ప్లాంటును మొన్న ఎవురికో అమ్మినారంట. గేటు కాడ బోర్డు మార్చినారు, మాకేం చెప్పలే.”

“చేను నీదే కదన్నా. నీకూ తెలీదా?” అన్నాడు నాగరాజు.

నాకూ తెలీదు.

ఆ క్లబ్బు ఓనరును పేరు పెట్టి తిట్టేవాళ్లయినా ఉన్నారు. మా చేను ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి, తిట్టుకోవడానికైనా పనికొస్తుంది.