నీసు లేని బలం

ఆ డబ్బా మా ఇంటికి వచ్చిన రోజు నుంచే నాకు దాని మీద కోపం. మూత తీస్తే చాలు, ఎండాకాలం చెరువు ఒడ్డు వాసన. డబ్బా మీది పేరు స్పిరులినా. నేను మాత్రం నాచు అనేవాణ్ని. నా భార్య నాచారంలోని మా ఇంట్లో ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. కుట్టించుకోవడానికి వచ్చిన ఒక టీచరమ్మ, మాంసంలో ఉండే బలం ఈ పొడిలో కూడా ఉంది, అయినా ఇది నీసు కాదు అని చెప్పిందట. మా ఆవిడ ఆ ఒక్క మాటకే పడిపోయింది.

ఎందుకు పడిపోయిందో చెప్పాలి. కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేను ఊపిరి అందక దవాఖానాలో పడ్డాను. ఆమెను లోపలికి రానివ్వలేదు. గేటు బయట నిలబడి, యాదగిరిగుట్ట దిక్కుకు తిరిగి, ఈ మనిషిని ఇంటికి పంపితే బతికినన్నాళ్లు నీసు ముట్టనని నరసింహస్వామికి మొక్కింది. నేను ఇంటికి వచ్చాను. ఆదివారం మటన్ లేకపోతే అలిగే మనిషి, ఆనాటి నుంచి కోడిగుడ్డు కూడా తినలేదు. పాల వాసన చిన్నప్పటి నుంచే పడదు, చాయ్ కూడా నల్లగానే తాగుతుంది. నాకు చేపల కూర పెట్టి తాను మామిడికాయ తొక్కుతో తింటుంటే, గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు మొక్కు సంగతి చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిన్ను ఎవరు మొక్కమన్నరే?"

"బతికి వచ్చినవ్ గదా. ఇగ లొల్లి ఎందుకు?" అంది.

రెండేళ్లు గడిచేసరికి ఆమెకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. బస్తీ దవాఖానాలో రక్తం తక్కువుందని ఐరన్ గోలీలు ఇచ్చారు. అవి వేసుకుంటే కడుపులో మంట, ఆ మంటకు మళ్లీ గ్యాస్ గోలీ. కొన్నాళ్లకు ఐరన్ మానేసింది, గ్యాస్ గోలీ మాత్రం అలవాటైపోయింది. సరిగ్గా అప్పుడే ఈ పచ్చపొడి దిగింది.

ఇక చూడాలి మా ఇంటి వైభోగం! జొన్నరొట్టె పచ్చన, పప్పు పచ్చన, నిమ్మరసం పచ్చన. ఆదివారం కాస్త శనగపిండిలో కలిపి ముఖానికి కూడా పూసుకునేది. ఆ వేషంతోనే తలుపు తీస్తే కొరియర్ అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఒకసారి ఉప్పల్‌లో రంగు చేపలు అమ్మే దుకాణంలో, చేపల మేత డబ్బా మీద ఇదే పేరు కనిపించింది. దొరికావులే అనుకుంటూ ఇంటికి వచ్చాను.

"ఏమే, నువ్వు తినేది చేపల మేతనే!"

"మంచిదే గదా. చేపలను తినొద్దని మొక్కిన గని, చేపలు తినేది తినొద్దని మొక్కలే," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ.

అబద్ధమెందుకు, పొడి పనిచేసింది. కొన్ని నెలలకు పరీక్ష చేయిస్తే రక్తం పెరిగిందన్నారు. ముఖం తేటపడింది, ఆయాసం తగ్గింది. గల్లీలో ఆడవాళ్లు కూడా తెప్పించుకున్నారు. ఆఖరికి నేను కూడా ముక్కు మూసుకుని తాగడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం లాలాపేట్ మార్కెట్ నుంచి ఆమె ఒక కాలికే చెప్పుతో వచ్చింది. "ఏడ జారిందో ఎర్కనే లేదయ్యా," అంటే పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత కుట్లు వంకర పోవడం మొదలైంది. మిషన్‌కు మోటరు పెట్టిస్తానని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. "మోటరు దాని ఇష్టమొచ్చినట్టు ఉరుకుతది. నా కాలైతే నా మాట ఇంటది," అనేది. ఇప్పుడు ఆ కాలే మాట వినడం లేదు. నిద్ర చాలక అని ఆమె అంది, నేను సరేనన్నాను.

ఒకరోజు మల్లాపూర్‌లో వర్క్‌షాప్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి, ముందుగది నుంచి వంటింటి దాకా గచ్చు మీద నెత్తుటి మచ్చలు. ఎవరికి తగిలిందంటే ఆమె కూడా నాలాగే వింతగా చూసింది. కూర్చోబెట్టి చూస్తే, ఆమె అరికాలిలో గుండుసూది తల దాకా దిగి ఉంది. పట్టుకుని లాగాను.

"నొస్తలేదా?"

"లేదయ్యా," అంది. ఆమె కాలు వంక చూడలేదు, నా ముఖం చూస్తోంది. ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న రోజుల్లో కూడా నాకు అంత భయం వేయలేదు.

నరాల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఒంట్లో బీ ట్వెల్వ్ విటమిన్ బాగా పడిపోయింది, నరాలు దెబ్బతిన్నాయి అంది. నేను సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. "అదే విటమిన్ దీంట్ల ఉన్నదని రాసిన్రు గదా మేడం!" అని కొట్లాటకు పోయినట్టే అడిగాను.

డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. "ఇందులో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికొచ్చే రకం కాదు. ఈ పొడి రక్తానికి సాయం చేసి ఉండొచ్చు. రక్తం బాగుందని మీరంతా నిశ్చింతగా ఉన్నారు, నరాల సంగతి ఎవరూ చూడలేదు. ఆ గ్యాస్ గోలీలు కూడా కొంత చెరుపు చేశాయి," అంది.

"కాలు మంచిగైతదా?"

"కొంత రావచ్చు. ఎంత అనేది ఇప్పుడే చెప్పలేను."

ఇంజెక్షన్లు రాసింది. గుడ్డు, చేప కూడా తినమంది. ఇంటికి రాగానే నేనే గుడ్డు ఉడకబెట్టి, వలిచి ఆమె ముందు పెట్టాను. "తిను. దేవునితోని నేను మాట్లాడుకుంట," అన్నాను.

ఆమె గిన్నెను పక్కకు జరిపింది. "సూదులు ఎన్నంటే అన్ని ఇప్పియ్యి. ఇది మాత్రం వద్దు."

"నీ కాలు పోతదే!"

"పోతే పోనీ. మొక్కు తప్పితే, నీకేమన్న అయితే?"

ఏమనాలి ఈ మొండి మనిషిని? కోపం వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. ఆ గుడ్డు నేను కూడా తినలేదు.

ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. మిషన్ మీద పాత చీర కప్పి ఉంది. డ్యూటీ నుంచి వచ్చాక రోజూ ఆమెను కళ్లు మూసుకోమని చెప్పి, అగ్గిపుల్లతో పాదం మీద అక్కడక్కడా తాకి చూస్తాను. డాక్టరమ్మ అలా చూస్తుండమంది. చీలమండ దగ్గర తెలుస్తోంది. వేళ్ల దగ్గర ఇంకా లేదు.

నిన్న కూడా కళ్లు మూసుకుని కూర్చుంది. అగ్గిపుల్ల బొటనవేలి దగ్గరికి తీసుకుపోతుంటే వీధిలో ఎవరో పిలిచినట్టయి, తల తిప్పి ఆగాను.

"ఆఁ, తాకింది," అంది ఆమె. "బొటనేలు గదా? జర జర ఎర్కైతుంది. ఇగ ఫికర్ చెయ్యకు."

పుల్ల ఇంకా నా చేతిలోనే, గాలిలోనే ఉంది.

"అవునే, బొటనేలే," అన్నాను.