విషం లేని ద్రాక్ష

నా చిన్నప్పుడు బేతమంగళ దగ్గర మా తాతయ్యకు ఎకరం నల్ల ద్రాక్ష తోట ఉండేది. మందమైన తోలు, లోపల గింజలు, తీపిలో కలిసిన పులుపు. నాలుగు పండ్లు తింటే నేరేడు పండ్లు తిన్నట్టు నాలుకంతా నల్లబడేది. వైన్ చేసేవాళ్లు బెంగళూరు నుంచి లారీ పంపేవారు. దగ్గర్లోని బంగారు గనుల వైపు నల్లరాయి ఒకప్పుడు భూమి కడుపులోంచి మరిగి పైకొచ్చిందేనని, ఆ మన్ను వల్లే తన పండుకు అంత ముదురు రంగని తాతయ్య గొప్పలు పోయేవాడు.

కాయ రంగు తిరగ్గానే ఖాళీ పురుగుమందు డబ్బాలు పందిరి గుంజలకు కట్టేవాడు. నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు ఒకరోజు దగ్గరికి పిలిచాడు.

"తోటంతా విషం కొట్టినానమ్మా. ఒక్క పండు నోట్లో పెట్టినా ఇంగ అంతే. బళ్లో అందరికీ చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవని ఊరంతా తెలుసు."

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. బళ్లో ఒక్కొక్కరికీ ఒట్టు పెట్టి మరీ చెప్పాను. అందరూ నమ్మారు. ఇంట్లో ఉన్న ఐదేళ్ల చెల్లెలికి మాత్రం చెప్పడం మరిచిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం చెల్లెలు తోటలోంచి వచ్చింది. మూతి నిండా నలుపు. నవ్వుతోంది. చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కుపోయాను. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేళ్లు పెట్టి కక్కించాను. అది గింజుకుంటుంటే విషం ఎక్కుతోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నా మతిమరుపే దాన్ని చంపేస్తోందని ఏడుస్తూ, చంకనేసుకుని తాతయ్య దగ్గరికి పరుగెత్తాను.

తాతయ్య అంతా విని పకపకా నవ్వాడు. ఒక పండు తుంచి నోట్లో వేసుకున్నాడు.

"విషమూ లేదు, గిషమూ లేదు. బడి పిల్లోల్లు దొంగతనంగా కోసుకు తినకుండా అట్ల చెప్పినా. నీకు నిజం చెప్పింటే వాళ్లకి చెప్పేయవా ఏమి?"

చెల్లెలు కాసేపటికే లేచి ఆటకు పోయింది. నేను అన్నం ముట్టలేదు. తోట కాపాడుకోవడం ఆయనకు తప్పదని నాకు తెలుసు. కానీ నా మాటకున్న మంచిపేరును నాకే తెలియకుండా వాడుకున్నాడు. నన్నూ ఆ దొంగల్లోనే జమకట్టాడు. మర్నాడు బళ్లో ఒక పిల్ల, "నిజంగానే సచ్చిపోతారా?" అని అడిగింది. అవునన్నాను. తెలిసి నేను ఆడిన మొదటి అబద్ధం అది.

ఇప్పుడు ఆ తోట నాది. "ఇవి అమ్ముకునేవి, కోయొద్దండి" అని మా మనవళ్లకు ఉన్నమాటే చెప్తాను. వాళ్లు కోసుకు తింటూనే ఉంటారు.

తాతయ్య మంచాన పడ్డాక ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నువ్వంటే నాకు పానం అమ్మా" అన్నాడు. నిజమే అయి ఉంటుంది. అయినా, అవునా కాదా అని ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాను. ఆ చూపు ఆయనకు అర్థమైంది. ఎవరు ప్రేమగా ఏం చెప్పినా ఆ ఒక్క క్షణం నాకు ఈనాటికీ తప్పడం లేదు.