నమలకూడని ముద్ద

ఆపరేషన్ తర్వాత ఈ రోజే మొదటిసారి రాగి సంగటి తిన్నాను.

మా చేను సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక, పని లేక ఇంట్లో కూర్చుని పెరిగిన ఒళ్లు నాది. మోకాళ్లు మొరాయించాక బెంగళూరు వెళ్లి, బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చాలావరకు కోయించుకున్నాను. ఏది తిన్నా మెత్తగా అయ్యేదాకా నమలమంది డాక్టరమ్మ. మా వైపు సంగటి ఎవరూ నమలరని ఆమెకు తెలియదు.

ఉసిరికాయంత తుంచి నములుతుంటే మా అత్త చూసి ఊరుకోలేకపోయింది.

"ఏందమ్మే అది, గొడ్డు నెమరేసినట్ల? సంగటి మింగల్ల. నమిలితే పండ్లకి అతుక్కుంటాది."

"మింగితే దిగదత్తా."

"సంగటి దిగని గొంతు యాడన్నా ఉంటాదా?"

నిజమే అనిపించింది. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. రెండో తునక పప్పులో అద్ది మింగేశాను. అది ఎదలో రాయిలా అడ్డం పడింది. పెరట్లోకి పరుగెత్తి, గోడ పట్టుకుని, అదంతా కక్కేదాకా ఊపిరాడలేదు. అత్త వెనకే వచ్చి వీపు నిమిరింది. నేను తేరుకున్నాక లోపలికి వెళ్లింది.

కాసేపటికి నేను మొహం కడుక్కుని వచ్చేసరికి నా కంచం తీసేసి ఉంది. దాని చోట చిన్న స్టీలు గిన్నెలో రాగి గంజి, ఒక చెంచా. మంచాన పడ్డ మా మామకు చివరి రోజుల్లో అత్త గంజి తాగించింది ఆ గిన్నెతోనే. ఆయన పోయాక దాన్ని అటక మీద పెట్టేసింది.

"మెల్లగా తాగు" అంది.

తాగాను. ఈ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లెవరైనా ఇది చదువుతుంటే చెప్పండి, మీ ఇంట్లో మీకోసం ఏ గిన్నె దించారు?