జపాన్ నెత్తురు, అవ్వ చాయ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో అనుమానమే ఉండేది కాదు. దేవుడు లేడు, నాకు భయం లేదు. మొదటిదాని మీద ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. ఈ కథ రెండోదాని గురించి. తొర్రూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆదివారం వస్తే ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. "భయమంటే అజ్ఞానమే!" అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి (బల్ల దొరకని ఊళ్లో నా తొడే బల్ల). మాకు హేతువాదం నేర్పిన పెద్దాయన ఒక నియమం పెట్టారు: ఎదుటివాడి పుస్తకం చివరి పేజీదాకా చదవకుండా దాన్ని ఖండించకూడదు. ఆ నియమానికి కట్టుబడి పురాణాలు, జాతకాలు, వాస్తు గ్రంథాలు అట్ట నుంచి అట్టదాకా చదివాను. ఏదీ నన్ను పడగొట్టలేదు. పడగొట్టింది ఒక జపాన్ బొమ్మల సినిమా.

దేవరుప్పుల దగ్గర ఒక ఊళ్లో ఒక పటేలు పాడిబర్రె చచ్చిపోయింది. ముందురోజు ఒక ముసలవ్వ ఆ కొట్టం ముందు నిలబడి బర్రెను చూసిందట. అంతే, బాణామతి, అదే చేతబడి, చేసిందన్నారు. ఒకప్పుడు ఊళ్లో కాన్పులన్నీ చేసిన మంత్రసాని ఆమె. ఇప్పుడు ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగేవాడు లేడు. ఆమెను ఊరు దాటించాలని ఆదివారం మధ్యాహ్నం పంచాయితీ పెట్టారు. సంగతి తెలిసి నేనూ, మా బడి లెక్కల సారూ పొద్దున్నే బైకు మీద వెళ్లాం. ఊరంతా చూస్తుండగా అవ్వ వాకిట్లో కూర్చుని ఆమె ఇచ్చిన చాయ తాగాం. నేను ఒక గ్లాసు, లెక్కల సారు రెండు. "చూడున్రి, మాకేమన్న అయిందా?" అని నేను గట్టిగా అడిగాను. "పొద్దు ఇంకా ఉంది గద సారూ" అన్నాడు పటేలు.

పంచాయితీకి ఇంకా మూడు గంటలుంది. ఊరి బడి వరండాలో కూర్చున్నాం. జనానికి బొమ్మలు చూపించడానికి తెచ్చిన ల్యాప్‌టాప్ పక్కనే ఉంది. లెక్కల సారుకు జపాన్ బొమ్మల సినిమాల పిచ్చి. నాకేమో అలాంటి సినిమాలు పిల్లలకు అతీత శక్తుల మీద నమ్మకం పెంచుతున్నాయని చాలా కోపం. ఖండిస్తూ వ్యాసం రాయాలి, కానీ నియమం ఉందిగా! "పెట్టు, చూస్తా" అన్నాను.

"అన్నా, నెత్తురు జర ఎక్కువుంటది."

"గీసిన నెత్తురుకు భయపడుతనా తమ్మీ?"

అందులో ఒకడు చెయ్యి చాపితే గోడలు కూలేవి. ఇంకొకడు కన్నెర్రజేస్తే ఎదుటివాడి తల పుచ్చకాయలా పగిలేది. నేను నవ్వుతూ నోట్సు రాసుకుంటున్నాను. పదిహేనో నిమిషంలో మూడోవాడు చీలిన తన పొట్టలోంచి పేగులు లాగి, కొరడాలా గిరగిర తిప్పుతూ శత్రువు మీదికి దూకాడు. ఆ కొరడా ఎవరికి తగిలిందో నాకు తెలియదు. ఆ తర్వాత నాకు కనిపించింది వరండా పైకప్పు, దాని కింద చుట్టూ పాతిక ముఖాలు.

"నేను చెప్తలేనా? ముసల్దాని చాయ తాగిండు, పడ్డడు! ఇంకేం రుజువు గావాలె?" అంటున్నాడు పటేలు. రెండు గ్లాసులు తాగిన లెక్కల సారు పక్కనే నిక్షేపంగా ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు. వరండా చివర అవ్వ నిలబడి ఉంది. "నేనేం జేసిన బిడ్డా?" అని ఆమె అడిగింది పటేలును కాదు, నన్ను.

లెక్కల సారు నా చెవిలో "వడదెబ్బ అని చెప్పే అన్నా" అన్నాడు. అది చలికాలం. నా మెడలో మఫ్లరు ఉంది. నిజం చెబితే ఇన్నేళ్ల నా ఉపన్యాసాల పరువు పోతుంది. చెప్పకపోతే అవ్వ ఊరే పోతుంది. లేచి కూర్చుని, "చాయతోని కాదు. నేను బొమ్మల సినిమా చూసి పడ్డ" అన్నాను. ఊరు ఊరంతా పకపకా నవ్వింది.

"అవ్వను కాపాడెటందుకు అబద్ధమాడుతున్నడు" అన్నాడు పటేలు. "గింత పెద్దమనిషి బొమ్మలకు పడుతడా?"

"అయితే చాయ తాగనోళ్లు చూడాలె. నువ్వు తాగలేదు గద పటేలా, కూసో" అన్నాను. మా పెద్దాయన మళ్లీ మళ్లీ చెప్పిన పద్ధతి అదే: అనుమానం వస్తే మళ్లీ జరిపి చూడాలి. పటేలు మీసం దువ్వుకుని నా పక్కన కూర్చున్నాడు. వెనక ఊరంతా గుమిగూడింది. సినిమా మొదటి నుంచి పెట్టాం. తల పగిలినప్పుడు పటేలు "ఓస్, గింతేనా?" అన్నాడు. కొరడా తిరిగేసరికి నేను కళ్లు మూసుకుని నేలమీద వాలిపోయాను. పక్కన దబ్బుమని చప్పుడైంది. చూస్తే పటేలు వరండా స్తంభాన్ని కౌగిలించుకుని జారుతున్నాడు.

ఇద్దరి ముఖాల మీదా నీళ్లు చల్లింది అవ్వే. చల్లుతూ చల్లుతూ తెర వైపు ఓసారి చూసి, "గింత నెత్తురు మనిషిల ఏడుంటది బిడ్డా? గిది గీసినోడు ఒక్క కాన్పు గూడ చూడలే గావచ్చు" అంది. నేను రాయాలనుకున్న వ్యాసమంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. పటేలు తేరుకుని, "అవ్వా, జర నీళ్లియ్యి" అన్నాడు. అడిగాక, ఎవరిని అడిగాడో గుర్తొచ్చి చుట్టూ చూశాడు. దాహం గెలిచింది. గటగటా తాగాడు. ఆ మధ్యాహ్నం పంచాయితీ జరగలేదు. నవ్వి నవ్వి అలసినవాళ్లు అవ్వ వాకిట్లోకే వెళ్లి చాయ అడిగారు. గ్లాసులు చాలక పక్కింటివాళ్లు తమవి తెచ్చిచ్చారు.

అవ్వ బతికినన్నాళ్లూ ఆ ఊళ్లోనే ఉంది. నన్ను మాత్రం ఆ పక్క ఇప్పటికీ "బొమ్మలకు పడ్డ సారు" అనే పిలుస్తారు. భయమంటే అజ్ఞానమని నేనిప్పుడు బల్ల గుద్దడం లేదు. నాకు తెలిసి తెలిసీ భయమేసింది మరి. ఆ సినిమాను ఖండించే వ్యాసం ఇంతవరకూ రాయలేదు. రాసే హక్కు లేదు. తర్వాత మూడుసార్లు దాన్ని చివరిదాకా చూడాలని ప్రయత్నించాను. పదిహేనో నిమిషం దాటలేకపోయాను.