మా మామయ్య పుస్తకంలో ఒక ఖాళీ

నా చిన్నప్పుడు మా బంధువుల్లో ఏ ఇద్దరు కలిసినా కాసేపటికి మాట మా పెద్దమామయ్య మీదికి మళ్ళేది. మామయ్య అమ్మకు అన్న. బషీర్‌బాగ్‌లో ఒక పత్రికలో చాలా ఏళ్ళు విలేకరిగా పనిచేసి, ఒకరోజు రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. ఎందుకని అడిగితే, నేలను తవ్వి పాత ఊళ్ళను బయటికి తీసినవాళ్ళ గురించీ, దారి లేని చోట్లకి వెళ్ళినవాళ్ళ గురించీ పుస్తకాలు రాస్తానన్నాడు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి వద్దనేవాళ్ళు లేరు. అశోక్‌నగర్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటి మేడగదిలో దిగాడు. "మంచిగున్న నౌకరి ఇడిసిపెట్టి సచ్చినోళ్ళ కథలు రాస్తడంట" అని మా నానమ్మ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

నాకు ఆ మేడగదే లోకం. మామయ్య పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళి, పరీక్షలకు చదువుకునే హాస్టల్ కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చునేవాడు. సాయంత్రం వచ్చాక ఆ రోజు రాసింది నాకు చదివి వినిపించేవాడు. కుక్కబండి మీద మంచులో వెళ్ళినవాడు, ఒంటె మీద ఎడారి దాటిన ఆవిడ, రాగిరేకులు చదివీ చదివీ చూపు పోగొట్టుకున్న పండితుడు, వీళ్ళంతా మా గల్లీవాళ్ళంత బాగా తెలుసు నాకు. అంత తెలుసన్న పొగరు కూడా ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మామయ్య ఒక పురావస్తు శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాడు. కృష్ణ ఒడ్డున ఊళ్ళు ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోకముందు అక్కడ డేరాలు వేసుకుని తవ్వించిన పెద్దమనిషి ఆయన. ఆ తవ్వకాల్లో దొరికిన వేలెడంత మట్టి ఎద్దుబొమ్మతో ఆయనకు పేరొచ్చింది. అది దొరికిన రోజును మామయ్య ఎంత బాగా రాశాడంటే, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చిన్న కుంచెతో మట్టి తుడుస్తుంటే కొమ్ములు ఒక్కొక్కటే బయటపడడం నా కళ్ళకు కట్టేది. నారాయణగూడలో మా బడిలో జరిగే వక్తృత్వ పోటీకి ఆ భాగమంతా బట్టీపట్టాను. మొదటి బహుమతి నాదేనని మా టీచరు కూడా అంది.

అప్పుడే మా పక్క జాగాలో ఇల్లు కడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలివాళ్ళు మా నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు. ఒక సాయంత్రం నేను మెట్ల మీద నిలబడి, చేతులు తిప్పుతూ ఎద్దుబొమ్మ కథ చెప్పుకుంటున్నాను. బిందె నింపుకుంటున్న ఒక అక్క నల్లా కట్టేసి విన్నది. అయిపోయాక మెల్లగా అంది.

"ఆ దినం సారు ఆడ లేకుండె బిడ్డా. జరమొచ్చి డేరాల పండిండు. బొమ్మ దొర్కింది మా అత్తకు."

నాకు ఒళ్ళు మండింది. "నీకు చదువే రాదు, నీకేం తెలుసు?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎలా ఉందో ఇప్పటికీ నాకు వినబడుతుంది.

పైనుంచి మామయ్య దిగొచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన నా వంక కూడా చూడలేదు. "కూసో అక్కా, జర ఇంకొకసారి చెప్పు" అని తనూ కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె బిందె పక్కన పెట్టి చెప్పింది. ఊరికి కొత్త కోడలుగా వెళ్ళిన ఏడాది అత్తాకోడళ్ళిద్దరూ తవ్వకం కూలికి పోయారట. గంపలోకి మన్ను ఎత్తుతుంటే అత్త చేతికి రాయిలాంటిది తగిలింది. కొంగుతో తుడిచి చూస్తే ఎద్దు. కేకలు విని సారు దుప్పటి కప్పుకునే డేరాలోంచి వచ్చి, దాన్ని అరచేతిలో పెట్టుకుని ఏడ్చాడట. ఆ ఊరు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. "ఎండకాలం నీళ్ళు దిగినంక గోడలు తేల్తయి సారూ. మేం పోయి మా గడప మీద జరసేపు కూసోని వస్తం" అంది. అత్త చనిపోయి చాలా కాలమైంది.

మర్నాడే మామయ్య నల్లకుంటకు వెళ్ళి, ఆ తవ్వకాల్లో పనిచేసి రిటైరైన ఒక ముసలాయనను కలిశాడు. జ్వరం నిజమే, బొమ్మ చూసింది ఒక కూలి మనిషి అన్నదీ నిజమే. పేరు మాత్రం ఆయనకు గుర్తులేదు. ఎవరూ రాసిపెట్టలేదు. మామయ్య నేరుగా చిక్కడపల్లిలో ప్రెస్సుకు పోయి, అప్పటికే అక్షరాలు పేర్చిన ఆ భాగాన్ని విప్పించేశాడు. "దొరికింది అని రిపోర్టుల ఉన్నది. ఎవరికి దొరికిందో అడగకుండ నేనే కథ అల్లిన. విలేకరి చేసే పనేనా అది?" అని అమ్మతో అంటుంటే విన్నాను. అబద్ధమని తేలిన ఆ భాగం ఇక చెప్పడానికి లేదు, నా పోటీ అలా పోయింది. ఎల్లుండి పోటీ అనగా బహుమతి పోయిన పిల్లకి న్యాయం అన్యాయం ఎక్కడ కనబడతాయి? నాకు కనబడ్డదల్లా ఆ బిందె పట్టుకున్న అక్క.

ఇక పుస్తకానికి కావలసింది ఒక్కటే, ఆ అత్త పేరు. మామయ్య అడిగితే ఆ అక్క నాలుక కరుచుకుని నవ్వేసింది. అత్త పేరు కోడలు నోట రాకూడదు. అయితే తన కూతురికి పెట్టింది అత్త పేరేనట. అందుకే ఆ పిల్లను కూడా పేరు పెట్టి పిలవదు, అవ్వా అంటుంది. పిల్ల దోమలగూడ బస్తీలో చుట్టాల దగ్గర ఉండి బడికి పోతోంది. "దాన్నే తీస్కొస్త సారూ. అదే రాస్తది పేరు" అంది.

వాళ్ళు వచ్చిన సాయంత్రం మామయ్య ప్రెస్సులో ఉన్నాడు. వస్తే కూర్చోబెట్టి, బల్ల మీదున్న నోటుబుక్కులో పేరు రాయించుకొమ్మని నాకు మరీ మరీ చెప్పి వెళ్ళాడు. నేను మేడమీది నుంచి చూశాను. ఆ అక్క ఉతికిన చీర కట్టుకుంది. పిల్లది నా ఈడే. తలకు నూనె రాసి, ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు మడిచి కట్టారు. చేతిలో కొత్తగా చెక్కిన పెన్సిల్. పేరు రాయడానికి తన పెన్సిల్ తనే తెచ్చుకుంది.

"మామయ్య లేడు. రేపు రండి" అన్నాను.

ఆ అక్క కొంగు సర్దుకుంది. "పా అవ్వా" అని పిల్ల భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది. పిల్ల గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మామయ్య వచ్చి అడిగితే రాలేదని చెప్పాను. ఆ అక్క నల్లా దగ్గర కనబడకపోతే పిల్లను తేవడానికి పోయిందనుకుని, రెండు రోజులు ఆయన లైబ్రరీ కూడా మానుకుని మెట్ల మీద కూర్చున్నాడు. మూడో రోజు పక్క జాగాలో చప్పుడు లేదు. స్లాబు పని అయిపోయి మేస్త్రీ కూలివాళ్ళందరినీ ఇంకెక్కడికో తీసుకుపోయాడు. అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. మామయ్య మెట్ల మీంచి లేచాడు. చెప్పులేసుకుని, "పా, ఎతుకుదాం" అన్నాడు.

ఎన్ని ఆదివారాలు తిరిగామో. దోమలగూడ బస్తీలో ప్రతి గుడిసె ముందూ నిలబడి అడిగాం. నల్లకుంటలో ఇల్లు కట్టే చోటల్లా అడిగాం. పిల్లనూ ఆ చుట్టాలనూ వెంటేసుకుని బొంబాయి పనికి పోయి ఉంటారని ఒక ముసలామె చెప్పింది. ఏ కూలి ముఠాలో పోయారో, ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. ఆ తిరుగుడు మొత్తంలో మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అడగడం మాత్రం ప్రతిచోటా నాచేతే అడిగించాడు. వంగి, అక్కా అని పిలిచి, మీది ఏ ఊరని మొదలుపెట్టడం అలా నేర్చుకున్నాను.

చివరికి పుస్తకం అచ్చుకు పోక తప్పలేదు. ప్రూఫు దిద్దేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళాడు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదలమంటే కంపోజిటరు ఒప్పుకోలేదు. "అచ్చరం వడిపోయిందనుకుంటరు సార్, మా ప్రెస్సుకు చెడ్డపేరు" అన్నాడు. "అనుకోనీ. అడుగుతరు గద" అన్నాడు మామయ్య. ఆ ఖాళీ కింద ఒక వాక్యం రాసిచ్చాడు. ఈమె పేరు తెలుసుకునే అవకాశం వచ్చీ పోయిందనీ, ఆ తప్పు ఈ పుస్తకం రాసినవాడిదనీ. తప్పు నాది కదా మామయ్యా అని నేను అక్కడే ఏడ్చాను. "నీకు ఎందుకు అడగాల్నో చెప్పకుండ పోయిన. అది నా తప్పే" అన్నాడు.

ఆ తర్వాత మామయ్య ఇంకా చాలా జీవితాలు రాశాడు. మంచులో వెళ్ళినవాడి కుక్కబండి తోలిందెవరు, ఎడారి దాటిన ఆవిడకు ఒంటెను నడిపిందెవరు అని దేశదేశాలకు ఉత్తరాలు రాసేవాడు. కొందరి పేర్లు దొరికాయి. దొరకని చోట ఖాళీ ఉంచేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మెట్ల మీద ఆయన పక్కన ఒక్క సాయంత్రం కూర్చోవాలని నాకు ఎంతగానో ఉంటుంది. ఇప్పటికీ ఎవరైనా ఏదో చెప్పాలని గుమ్మంలోకి వస్తే రేపు రమ్మని నా నోట రాదు. ఆ పిల్లకి ఇప్పుడు నా వయసే ఉంటుంది. ఆమె స్నేహితులూ, భర్తా, ఇరుగుపొరుగువాళ్ళూ ఎక్కడో రోజూ ఆమెను ఆ పేరు పెట్టే పిలుస్తూ ఉంటారు. ఆ పేరు తెలియంది నాకే.