సార్ వెళ్లలేకపోయిన ఆరు రోజులు

గురువారం పొద్దున మా లెక్కల సార్ పోయారు. వాళ్లది మా పక్కిల్లే. ఆయన భార్యను మేం అమ్మ అనే పిలుస్తాం. ఆమె గోడ అవతలి నుంచి "మీ సార్ ఇగ లేస్తలేడు, జర రా బిడ్డా" అంది.

మెదక్‌లో ఓ చిన్న ప్రైవేటు బడిలో ఆయన ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారు. జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలుండేవి. ఎవరైనా తొందరపడి జవాబు చెబితే, "ఆగు. లెక్కల ఏమడిగిండో మల్ల సదువు" అనేవారు. ఏడో తరగతిలో ఆ మాట నేను రోజూ పడ్డాను.

గొంతులో క్యాన్సర్ అని తేలాక, హైదరాబాద్‌లో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలన్నారు డాక్టర్లు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. ప్రభుత్వ కార్డు మీద అంతా ఉచితం. మిషన్ కింద పడుకునేది పది నిమిషాలు. బస్సులో రానూపోనూ ఐదారు గంటలు. అక్కడే గది కిరాయికి తీసుకునే స్తోమత లేదు. తోడుగా నేను వెళ్లేవాణ్ని. మొదట్లో నర్సాపూర్ అడవి దాటేదాకా పిల్లల పేపర్లు దిద్దేవారు. నాలుగో వారానికి మెడ చర్మం కాలి నల్లబడింది. బస్సు కుదిపినప్పుడల్లా కాలర్ తగలకుండా రెండు వేళ్లతో పట్టుకుని కూర్చునేవారు.

మిషన్ దగ్గర సార్ కంటే ముందు ఒకాయన వంతు. అదే జబ్బు, అదే కార్డు. ఆసుపత్రి వెనక గల్లీలో ఇల్లు. నడిచొచ్చి, పని చూసుకుని, ఇంటికెళ్లి గంజి తాగేవాడు. అతని మీద సార్‌కు కోపం లేదు. నాకుండేది.

ఒకరోజు దారి ఖర్చులు కూడా ఇప్పించమని కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం.

"రాష్ట్రమంతా ఒకటే రేటు సార్. మెదకోళ్లకేం తక్కువ ఇస్తలేం" అన్నారు అధికారి, మర్యాదగానే.

సార్ గొంతు అప్పటికే గుసగుసకు దిగింది. "రేటు ఒకటే సార్. బస్సు కిరాయి, పోయిన జీతం ఎవరి లెక్కల పడ్తయి? మా అసొంటి దూరపోళ్లే కట్టుకుంటున్నం గదా."

"అది స్కీంల లేదు."

"లేదనే వచ్చిన."

అధికారి అర్జీ మీద ముద్ర వేసి పక్కన పెట్టారు. మెట్లు దిగుతూ సార్ నాతో, "నేనేమడిగిననో ఆయన సదవలే" అన్నారు.

బడివాళ్లు మొదట జీతం కోశారు, తర్వాత వేరే మాస్టారును పెట్టుకున్నారు. మొత్తం ఆరు రోజులు సార్ కరెంటుకు వెళ్లలేదు. నాలుగు రోజులు లేచే సత్తువ లేక. రెండు రోజులు నేను లేక. ఆ రెండు రోజులూ నేను చేగుంటలో బావమరిది పెళ్లిలో వడ్డిస్తున్నాను.

గడ్డ తిరగబెట్టింది. "మధ్యలో ఎందుకు ఆపారు? ఆపొద్దని చెప్పాం కదా" అని డాక్టర్ విసుక్కున్నాడు. అప్పటికి మాట పూర్తిగా పోయింది. సార్ చీటీ మీద "దూరం" అని రాసి చూపించారు. డాక్టర్ అది చదివేలోపే తర్వాతి పేషెంటును పిలిచారు. గల్లీ ఆయనకు నయమైంది.

సార్ పోయిన మూడో రోజు, ఇంటినిండా చుట్టాలుండగా ఆయన ఫోన్ మోగింది. రికార్డు చేసిన ఆడగొంతు. "కార్డు మీద జరిగిన చికిత్సకు మీ వద్ద డబ్బులు తీసుకోకపోతే ఒకటి నొక్కండి." నేను ఫోన్ లాక్కోబోయాను. అమ్మ ఇవ్వలేదు.

"తీస్కోలేదు గదా బిడ్డా. అబద్ధమెందుకు?" అని ఒకటి నొక్కింది.

మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామని చెప్పి ఆ గొంతు ఆగిపోయింది. తెర మీద వెలుగు ఆరిపోయింది. అమ్మ వేలు ఇంకా అక్కడే ఉంది.